కుడి పక్క గది

ఓడలో ఆమెను అందరూ ఇస్త్రీ అని పిలిచేవాళ్ళు. ఆమె పరిచిన దుప్పటి మీద మడత కనపడేది కాదు, ఆమె మొహం మీద నవ్వూ కనపడేది కాదు. రెంటికీ కలిపి ఒకటే పేరు సరిపోయింది. పంతొమ్మిదేళ్ళు విహార ఓడల్లో గదులు సర్దింది. రోజుకు పద్దెనిమిది గదులు. దుప్పట్లు మార్చడం, స్నానాలగది కడగడం, ఎవరో మంచం కిందకి తన్నేసిన చెప్పులు వెతికి జత చేసి పెట్టడం.

ఆ ఓడలు ఏడాదికి నాలుగైదుసార్లు రెండు సముద్రాలను కలిపే ఒక కాలువ గుండా వెళ్ళేవి. ఆ కాలువను చూడడానికే జనం ఎక్కేవాళ్ళు. లాకులు దాటే రోజున ప్రయాణికులంతా పై డెక్కుకు పోతారు, గదులు ఖాళీగా ఉంటాయి. అందుకే పరుపులు తిరగెయ్యడం, తెరలు దులపడం ఆ రోజుకే పెట్టేవాళ్ళు. ఇస్త్రీ ఆ కాలువను ఎనభైసార్లకు పైగా దాటింది. చూసింది మాత్రం దిండుకు గలీబు తొడుగుతూ, కిటికీల్లోంచి, ముక్కలు ముక్కలుగా. ఒక గదిలో గట్టు మీద గడ్డి, పక్క గదిలో లాకు గోడ, ఆ పక్క గదిలో ఏమీ లేదు.

ఆమె అక్క ఈ ఉద్యోగం సంగతి ఎవరికీ చెప్పేది కాదు. కూతురి పెళ్ళిలో వియ్యాలవారికి "మా చెల్లెలు, ఓడల్లో ఆఫీసరు" అని పరిచయం చేసింది. ఇస్త్రీ అందరూ వింటుండగా "ఆఫీసరు కాదండీ, పక్కలు సర్దుతాను" అంది. అప్పటినుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. తల్లి పోయినప్పుడు ఓడ రేవుకు చేరేదాకా అక్క ఆగలేదు. ఇస్త్రీ వచ్చేసరికి అంతా అయిపోయింది. తరువాత నాలుగేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

అలాంటిది, ఇస్త్రీ పని మానేసి ఊళ్ళో ఒక చిన్న వాటాలో ఉంటున్న మొదటి ఏడు, ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క తలుపు కొట్టింది. చేతిలో చుట్టిన కాగితం. కూర్చోకుండానే దాన్ని బల్ల మీద పరిచింది. ఇస్త్రీ పనిచేసిన ఓడే, దాని పటం. అంతస్తుకో రంగు, గదికో అంకె.

"మీ బావగారికి ఆ కాలువ చూడాలని ఎప్పట్నుంచో ముచ్చట. ఏ గది మంచిదో నీకు తెలుస్తుందన్నారు."

"బావగారన్నారా, నువ్వన్నావా?"

"ఆయనే. నాకైతే అడగాలని లేదు."

"నాకూ చెప్పాలని లేదు. చూపించు."

అక్క అప్పటికే ఒక గదికి ఎర్రసిరాతో సున్నా చుట్టింది. ఆరో అంతస్తు, లిఫ్టుకు దగ్గర.

"ఇది వద్దు," అంది ఇస్త్రీ. "కిటికీ ముందు లైఫ్ బోటు వేలాడుతుంటుంది. కాలువ కాదు కదా, ఆకాశం కూడా కనపడదు. పైన భోజనాల హాలు, తెల్లారకుండానే కుర్చీలు ఈడుస్తారు."

"మరి ఏది?"

"ఎనిమిదో అంతస్తు, నడిమధ్య, కుడి పక్క, బాల్కనీ ఉన్నది. ఓడ దక్షిణానికి పోతుంది, కుడి పక్క పొద్దున్నంతా నీడ. లాకులన్నీ మధ్యాహ్నంలోపే అయిపోతాయి. కింది అంతస్తులైతే లాకులో నీళ్ళు దిగినప్పుడు తడి గోడ చూస్తూ కూచోవాలి. ఓడ ముక్కు దగ్గర గదులైతే లంగరు గొలుసు మోతకి గుండెలు అదురుతాయి."

అక్క అనుమానంగా చూసింది. "అంత మంచిది నాకెందుకు చెప్తున్నావు?"

"అడిగావు కాబట్టి."

"నువ్వు ఊరికే మంచి చెప్పే మనిషివి కాదే."

"అయితే నువ్వు చుట్టిందే తీసుకో. పొద్దున్నే లేచి పడవ పొట్టకి దణ్ణం పెట్టుకో."

మర్నాడు బావ ఫోన్ చేసి, టిక్కెట్ల ఆఫీసుకి ఒక్కసారి తోడు రమ్మని బతిమాలాడు. బ్యాంకులో పనిచేసి రిటైరైన నెమ్మదస్తుడు. పెళ్ళాం మాటకు ఎదురు చెప్పి ఎరగడు. ఆయన మొహం చూసి ఇస్త్రీ వెళ్ళింది. అక్క అప్పటికే అక్కడ కూర్చుని ఉంది.

అద్దాల గది, గోడ నిండా నీలం సముద్రాల బొమ్మలు, మూలన ఎండిపోతున్న కుండీ మొక్క. గుమాస్తా మెడలో టై, నోట్లో తేనె.

"మా ఓడలో చెడ్డ గదే లేదమ్మా," అన్నాడు.

"ఆరో అంతస్తు, పన్నెండో గది. కిటికీ ముందు ఏముంటుంది?" అంది ఇస్త్రీ.

"సముద్రం మేడమ్."

"పడవ. తొమ్మిదేళ్ళు ఆ కిటికీ తుడిచాను. మీరెప్పుడైనా ఓడ ఎక్కారా?"

గుమాస్తా టై సర్దుకుని కంప్యూటర్‌లోకి తల దూర్చి, అక్కనడిగాడు. "మొత్తం రెండు గదులు కదా అమ్మా. సార్‌కీ మీకూ ఒకటి. అటెండెంటుకి లోపలి గది, కిటికీ లేనిది."

"అటెండెంటు ఎవరు?" అంది ఇస్త్రీ.

బావ తన బూట్లకేసి చూసుకున్నాడు. అక్క మాత్రం తల దించలేదు.

"నువ్వే. ఏం, తప్పేముంది? ఆయనకి మోకాళ్ళ ఆపరేషనయింది, లేవదియ్యాలి, కూచోబెట్టాలి. నిన్ను ఊరికే తీసుకెళ్తున్నాం. నీకు అలవాటైన పనేగా."

"అలవాటైన పనికి జీతం తీసుకున్నాను. నువ్వేమిస్తావు?"

"తిండి, ఓడ, కాలువ. ఇంకేం కావాలే నీకు?"

"కిటికీ."

అక్క నవ్వబోయింది. ఇస్త్రీ గొంతు లేచింది. "నేను చచ్చానో బతికానో నీకెప్పుడూ పట్టలేదు. అమ్మ పోతే మూడు రోజులు ఆగలేకపోయావు!"

"నువ్వు ఏ రేవులో ఉన్నావో ఎవరికి తెలుసు?"

"డబ్బు పంపమని ఫోన్ చేసినప్పుడల్లా తెలిసేదిగా!"

పక్క బల్ల దగ్గర కాగితాలు నింపుతున్న జంట కలం ఆపేశారు. గుమాస్తా మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపాడు. ఇస్త్రీ దాన్ని ముట్టుకోలేదు.

"ఎనిమిదో అంతస్తులో కుడి పక్క నడిమధ్య గది ఉందా?"

"ఒక్కటే మిగిలింది మేడమ్."

"నా పేర రాయండి. నేనొక్కదాన్నే."

"చూశారా!" అంది అక్క మొగుడితో. "నాకు చెప్పి తనే లాక్కుంది. నాకు ఆరో అంతస్తుదే కావాలి. అది బాగుండబట్టే వద్దంటోంది."

"ఒకసారి ఆలోచించు..." అన్నాడు బావ.

"మీరు నోరు మూసుకోండి."

మూడు నెలల తరువాత, ముగ్గురూ ఎక్కిన ఓడ కాలువ మొగలోకి వచ్చింది. ఆ పొద్దున ఇస్త్రీ లేవగానే తన పక్క తనే సర్దేసింది. దుప్పటి అంచు పరుపు కిందకి తోసి, దిండు తట్టి, అప్పుడు గుర్తొచ్చి, తనను తనే తిట్టుకుంటూ అంతా పీకి పారేసింది. బాల్కనీలో కూర్చుంది. ఇనుప తలుపులు రెండు రెక్కలుగా తెరుచుకున్నాయి. ఓడ లాకులోకి ఒరుసుకుంటున్నట్టే దూరింది. నీళ్ళు ఎక్కుతుంటే గోడ మెల్లగా కిందికి దిగింది. గట్టు మీద ఒకతను గడ్డి కోసే యంత్రం తోసుకుంటూ పోతున్నాడు. పక్కన కొండంత ఓడ వెళ్తున్నా తలెత్తలేదు.

ఏడుపు వస్తుందేమోనని భయపడింది. రాలేదు. కోపం వచ్చింది. చూడడానికి పది నిమిషాలు చాలు. ఎనభైసార్లలో ఒక్కసారి, ఎవరో ఒకరు, "ఆ చీపురు అక్కడ పెట్టి పోయి చూసి రా" అని ఉంటే ఏం పోయేది?

అప్పుడే తలుపు చప్పుడైంది.

"నేనే, తియ్యి. మా గదిలోంచి పడవ తప్ప ఏమీ కనపడట్లేదు. పైన జనం తొక్కేస్తున్నారు, మీ బావగారు నిలబడలేరు."

గదుల్లో పడుకున్నవాళ్ళు ఆమెకు లోపలినుంచి చెప్పే మాటే ఇస్త్రీ నోట్లోంచి వచ్చింది.

"ఇప్పుడు కాదు. తర్వాత రండి."

"ఏంటీ?"

అడుగులు విసురుగా వెళ్ళిపోయాయి. వాటి వెనక కర్ర టకటకమంటూ మెల్లగా కదిలింది. అది విని లేచి తలుపు తీసింది. నడవాలో బావ ఒక్కడే గోడ పట్టుకుని ఉన్నాడు.

"మీరు రండి బావగారూ."

ఆయన భార్య వెళ్ళిన వైపు చూసి, లోపలికి వచ్చాడు. ఇద్దరూ కలిసి రెండు లాకులు చూశారు.

"ఆ అటెండెంటు మాట ఆ రోజు నేనే ఆపాల్సింది," అన్నాడాయన.

"ఆపాల్సింది," అంది ఇస్త్రీ. పోనీలెండి అని మాత్రం అనలేదు. కాసేపటికి ఆయన, అక్క ఒక్కతే ఉందని, లేచి వెళ్ళిపోయాడు.

చెల్లెలు మొహాన తలుపేసిందని అక్క చుట్టాలందరికీ చెప్పింది. నిజమేనా అని ఎవరైనా అడిగితే ఇస్త్రీ "వేశాను" అనేది. అంతకుమించి వివరించేది కాదు.

ఏడాది తరువాత ఒక సాయంత్రం అక్క ఫోన్ చేసింది. పలకరింపు లేదు.

"మా పక్కింటివాళ్ళు ఆ కాలువకి వెళ్తున్నారు. కుడా, ఎడమా?"

"ఓడ ఏ దిక్కుకి పోతుంది?"

"ఉత్తరానికట."

"అయితే ఎడమ. ఎనిమిదో అంతస్తుకి తగ్గొద్దను."

"సరే."

అక్క ఫోన్ పెట్టేసింది. బావగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో అడగాల్సిందని ఇస్త్రీకి అప్పుడు తోచింది. మళ్ళీ చెయ్యలేదు.