టీచరమ్మ ఓవెన్‌లో మచ్చ

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం మా నానమ్మ తడిగుడ్డతో ఓవెన్ లోపలి సోడా ముద్దను తుడిచింది. మాడు పెచ్చులుగా ఊడి వచ్చింది. అమ్మ ఇంకా ఊపిరి పీల్చుకోనేలేదు, దాని కింద అల్యూమినియం మబ్బు పట్టినట్టు నల్లబడి కనిపించింది. "అయిపోయింది. టీచరమ్మ ముందటికి ఏ మొఖం వెట్టుకొని పోవాలె?" అంటూ అమ్మ అక్కడే కూలబడింది.

ఆ ఓవెన్ మాది కాదు. కిషన్‌బాగ్‌లో మాది పాల ఇల్లు. వాకిట్లో బర్రెలు, గోడవారగా బోర్లించిన క్యాన్లు. ఎదురింటి టీచరమ్మకు రోజూ మేమే పాలు పోసేవాళ్లం. గుండ్రటి కరెంటు ఓవెన్, మూతకు చిన్న అద్దం ఉన్నది, మా గల్లీ మొత్తంలో ఆమె దగ్గరే ఉండేది. క్రిస్మస్ కేకులన్నీ అందులోనే చేసేది. ఎవరికీ ఇవ్వదని పేరు. తమ్ముడి పుట్టినరోజని అమ్మ మొహమాటపడుతూ అడిగితే మాత్రం ఇచ్చింది. సాయంత్రానికల్లా తిరిగి రావాలి, పండుగ కేకులు ఆ రోజే మొదలుపెడతానని చెప్పింది.

మా ఇంట్లో అంతకుముందు ఎవరూ కేకు చేసి ఎరగరు. పాలకు, మీగడకు కొదవ లేని ఇల్లు కదా, అమ్మ గిన్నె అంచుదాకా పిండి పోసేసింది. అది పొంగి, పొర్లి, ఓవెన్ అడుగున బొగ్గయింది. పాలు పొంగినప్పుడు చేసినట్టే అమ్మ నీళ్లు చల్లబోయింది. నానమ్మ చెయ్యి పట్టి ఆపింది. "పాలు గాదే పిచ్చిదానా, కరెంటు!"

ప్లగ్గు పీకి, చల్లారాక అమ్మ బూడిద, కొబ్బరి పీచు తెచ్చింది. క్యాన్లు తోమేది వాటితోనే. నానమ్మ అదీ ఒద్దంది. మిరపకాయ బజ్జీల కోసం ఉంచిన తినే సోడాను నీళ్లతో ముద్ద చేసి, మూతలోని కాయిల్‌కు తగలకుండా మాడు మీద మెత్తింది. "పోయి బర్రెలకు గడ్డెయ్యి. దాని పని అది చేస్తది" అంది. అమ్మ వెళ్లలేదు. చూస్తూ, తిరుగుతూ, మళ్లీ వచ్చి చూస్తూ గడిపింది.

అంత ఆగిన తర్వాత కనిపించింది ఆ నలుపు. నానమ్మ ముఖంలో మాత్రం కంగారు లేదు. "సోడా వడ్తే గిట్లనే అయితది. ఫికర్ జేయకు." పిండేసిన నిమ్మచెక్కలను ఉప్పులో అద్ది మెల్లగా రుద్దింది. ఆమె వేళ్ల కింద తెలుపు తిరిగి రావడం నేను పక్కన కూర్చుని చూశాను. తుడిచి ఎండలో పెడితే లోహం మెరిసింది. అమ్మ నవ్వింది, కళ్లు కూడా తుడుచుకుంది.

అంచు దగ్గర ఒక గోధుమరంగు మచ్చ మాత్రం పోలేదు. "ఇగ ఇడ్సిపెట్టు. గీకితే గుంత వడ్తది" అంది నానమ్మ.

ఖాళీగా ఇవ్వకూడదని అమ్మ ఓవెన్‌లో కోవా పొట్లం పెట్టింది. మచ్చ సంగతి తానే చెప్పాలనుకుంటూ, నన్ను వెంటబెట్టుకుని గల్లీ దాటింది. టీచరమ్మ మూత తీసింది. "ఏందమ్మా, నా ఓవెన్‌ల కోవా గూడ అయితదా?" అని నవ్వింది. అమ్మ నోరు తెరిచేలోపే మచ్చ మీద వేలు పెట్టి, "ఇది నాదే. పోయిన పండుగకు చక్కెర మాడ్చుకున్న" అంది.

అమ్మ భుజాలు కిందికి దిగడం నాకింకా గుర్తుంది. తిరిగొచ్చేటప్పుడు మెల్లగా అడిగింది, "నిజమేనంటవా?" ఓవెన్ తెచ్చినప్పుడు దాని లోపల ఎవరూ పరీక్షగా చూడలేదు.

ఇప్పుడు మా ఇంటి నుంచి ఎవరైనా అడిగి తీసుకుపోయిన గిన్నె గీతతోనో సొట్టతోనో తిరిగొస్తే, తెచ్చినవాళ్లు నోరు తెరవకముందే "అది ముందు నుంచీ ఉన్నదే" అనేస్తాను. వాళ్ల భుజాలు దిగితే నాకూ హాయిగా ఉంటుంది. టీచరమ్మ లేదు, నానమ్మ లేదు. ఆ మచ్చ మాదో, టీచరమ్మదో ఇప్పటికీ తెలియదు.