సారు పెట్టిన చాయ్

గల్ఫ్‌కొచ్చి షువైఖ్ గోదాముల్లో పదకొండేళ్లు మూటలు మోసి నడుము పోగొట్టుకున్నాక, షుఐబాలో ఒక కాంట్రాక్టు ఆఫీసులో చాయ్ పని దొరికింది. నెల రోజులు చూస్తామన్నారు. నచ్చకపోతే మళ్లీ మూటలే. నా నడుము ఇంకొక్క మూటకు కూడా ఒప్పుకోదని నాకు తెలుసు, వాళ్లకు తెలియదు.

చాయ్ విషయంలో నాకు పొగరు. గల్ఫ్‌కు రాకముందు జగిత్యాల బస్టాండు దగ్గర చాయ్ బండి నడిపినవాణ్ణి. మేనేజరు ఇంగ్లండు మనిషి. మొదటి రోజు పాలు చిక్కగా మరిగించి, అల్లం దంచి, చక్కెర దండిగా వేసి ఇచ్చాను. థాంక్యూ అన్నాడు. సాయంత్రం చూస్తే కప్పు నిండుగా అలాగే ఉంది. రెండో రోజూ అంతే. మూడో రోజు తనే వచ్చి నేర్పాడు. పింగాణీ కూజాను ముందు వేడినీళ్లతో వెచ్చబెట్టాలట, ఆకు వేసి, నీళ్లు పోసి, మూతపెట్టి ముట్టుకోకూడదట, ఆపైన ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు ఒక్క చుక్కట. ఇంటికొచ్చిన చుట్టానికి కాచని పాలు పోసిస్తే మా అమ్మ చీపురు తిరగేసేది! కానీ నడుము గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. సైటులో క్రేన్ ఆగిపోయినా, ఆఫీసులో ఇద్దరు కొట్టుకునేదాకా వచ్చినా, ఆయన ముందుగా చాయ్ పెట్టమనేవాడు. అందరూ తాగాకే మాట. అప్పటికి సగం గొడవ చల్లారిపోయేది.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం చాయ్ గదిలోకి వెళ్తే సారు కప్పులు వరసగా పేర్చి, ఎవరికెంత చక్కెరో చీటీ చూసి వేస్తున్నాడు. వెనకే వచ్చిన మా డ్రైవరు, నిజామాబాదు వాడు, "నీ పని ఖలాస్ అన్నా, సామాన్ సదురుకో" అని గొణిగాడు. ఒళ్లు మండింది. నేరుగా వెళ్లి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగేశాను, నన్ను తీసేస్తున్నారా అని.

ఆయన చెంచా కింద పెట్టి చెప్పాడు. వాళ్ల ఆఫీసుల్లో చాయ్ వంతులవారీగా పెడతారట. లేచినవాడు తనకొక్కడికే పోసుకోవడం అమర్యాదట, మేనేజరైనా గుమస్తా అయినా అందర్నీ అడిగి పెట్టాల్సిందేనట. ఇన్నాళ్లూ నా చేతి చాయ్ తాగుతూ తన వంతు ఎగ్గొట్టానని ఆయనకే సిగ్గుగా ఉందట. నాకెన్ని చెంచాల చక్కెర కావాలని అడిగాడు. మూడన్నాను.

నన్ను అందరి మధ్య కుర్చీలో కూర్చోబెట్టి కప్పు చేతికిచ్చాడు. గల్ఫ్‌కొచ్చాక నాకు చాయ్ చేసి ఇచ్చినవాడు అంతవరకూ లేడు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఎలా ఉందని సారు అడిగాడు. ఇంగ్లీషు మరిచిపోయి మన భాషే వచ్చింది.

"మంచిగ లేదు సార్. రేపట్నుంచి నేనే పెడ్త."

డ్రైవరు నవ్వాపుకోలేక ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. గదంతా గొల్లుమంది. నెల నిండేదాకా ఆగక్కర్లేదు, ఈ గది నీదేనన్నాడు సారు, అందరికంటే గట్టిగా నవ్వుతూ. కానీ గురువారం తన వంతు తనకు వదలాలన్నాడు. సరేనన్నాను. ఇప్పుడు గురువారం వస్తే చాలు, కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటాను, మేనేజరు నాకు చాయ్ తెస్తాడు.