ఏడింతల అప్పు

చక్రపాణికి అప్పులివ్వడమే ఉద్యోగం, అప్పంటేనే భయం. మేడ్చల్‌లో ఒక బ్యాంకు శాఖలో పన్నెండేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నాడు. ఎవరైనా వ్యాపారి అప్పు కోసం వస్తే అతని కాగితాలు ముందేసుకుని, ఖర్చులు పోగా ఏడాదికి ఎంత మిగులుతోంది, ఉన్న అప్పూ అడిగే అప్పూ కలిపి ఆ మిగులుకి ఎన్నింతలవుతాయి అని తేల్చడం ఆయన పని. మూడింతల లోపుంటే ఇవ్వొచ్చు. దాటితే నమస్కారం పెట్టి పంపించాలి. ఇంతకన్నా సులువైన లెక్క మూడో తరగతి పుస్తకంలో కూడా ఉండదు. కానీ ఆ లెక్క నిజాయితీగా వేయడానికి చదువొక్కటే చాలదని చక్రపాణికి చాలాకాలం కిందటే తెలిసింది.

ఆయనది రేపల్లె వైపు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైసుమిల్లు ఆసామికి అప్పు కుదరదని రాశాడు. ఆ ఆసామి పలుకుబడి గలవాడు. నెల తిరక్కుండా చక్రపాణిని ఆదిలాబాదు అడవుల్లోకి బదిలీ చేశారు. కూతురు లిఖిత చదువు చెడకూడదని భార్య అమ్మాజీ ఊళ్ళోనే ఉండిపోయింది. "మీ నిజాయితీ పుణ్యమా అని రెండు పొయ్యిలు వెలిగించుకుంటున్నాం" అని ఆవిడ నాలుగేళ్ళు దెప్పింది. ఆ తర్వాత మిల్లు మూతపడింది. చక్రపాణి చెప్పిందే నిజమైందని ఒక్కరూ అనలేదు, కనీసం అమ్మాజీ కూడా అనలేదు.

అప్పటి నుంచి ఆయన ఒక పద్ధతి నేర్చాడు. పైవాళ్ళు అవునంటే అవుననే రాసేవాడు. కాకపోతే రిపోర్టు చివరి పేజీలో, ఎవరూ చూడని మూల, చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి ఇంగ్లీషులో ఒక వాక్యం పెట్టేవాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. రేపు ఎవరైనా నిలదీస్తే నేను ముందే రాశాను చూడండి అనొచ్చు. ఇలా బతకడాన్ని లౌక్యమంటారు కొందరు. నేనైతే పిరికితనమనే అంటాను. చక్రపాణి కూడా లోలోపల అదే అనుకునేవాడు.

రిటైరవడానికి రెండున్నరేళ్ళుందనగా, ఒక మార్చి నెల మొదట్లో, రాఘవేందర్ వచ్చాడు. శామీర్‌పేట అవతల గుట్ట మీద అతనికి చిన్న క్వారీ, కంకర మిషను ఉన్నాయి. తల్లిదండ్రుల పేర్లు కలిపి కంపెనీకి బాలదుర్గ అని పెట్టుకున్నాడు. అప్పటికే కోటిన్నర అప్పుంది, కొత్త మిషనుకి ఇంకో కోటీ ఇరవై లక్షలు కావాలన్నాడు. ఏడాదికి మిగులు కోటి రూపాయలని ఆడిటర్ రాసిచ్చాడు. మొత్తం అప్పు మిగులుకి రెండున్నర పైన, మూడుకి లోపల. కాగితం మీద కడిగిన ముత్యంలా ఉంది. హామీగా తండ్రి బాలనర్సయ్య తూంకుంటలో ఉన్న తన ఇల్లు పెడతానన్నాడు.

చక్రపాణి క్వారీ చూడ్డానికి వెళ్ళాడు. బాలనర్సయ్యే దగ్గరుండి తిప్పాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు అదే గుట్ట మీద సుత్తి పట్టుకుని కూలికి రాళ్ళు కొట్టాడు. తూంకుంట ఇంటి గోడలకి రాయి కూడా తనే ఆదివారాలు కొట్టి మోసుకొచ్చాడట. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన మొహంలో కనబడిన గర్వం చక్రపాణికి నచ్చింది. కొంపల్లిలో తాను కొన్న అపార్టుమెంటుకి ఇరవై ఏళ్ళ వాయిదాలు కట్టాడు గానీ, దాన్ని చూసి ఏనాడూ అలా పొంగిపోలేదు.

తిరిగొచ్చే ముందు రాఘవేందర్‌ని ఒక మాట అడిగాడు. "మీ లెక్కల్లో ఉన్న ఈ బిల్డరుకి అరవై లక్షల కంకర తోలారు కదా, డబ్బెప్పుడు ముట్టింది?"

"ఆల్లు పైసలియ్యరు సార్. కంకర కింద ఫ్లాట్లు రాసిస్తరు. నాకు రెండు రాసిచ్చిండ్రు కౌకూర్ల. ఈడ కంకరోల్లు, సిమెంటోల్లు, అందరం గట్లనే నడిపిస్తం."

అందరూ అలాగే నడిపిస్తారు, నిజమే. సరుకు పోతుంది, బదులుగా ఇంకా కట్టని ఇంట్లో వాటా వస్తుంది. దాన్నే ఆడిటర్ ఆదాయమని రాస్తాడు. చక్రపాణి బండి కౌకూర్ వైపు తిప్పాడు. మూడో అంతస్తు దాకా స్తంభాలు లేచి ఆగిపోయాయి, ఇనప చువ్వలు తుప్పు పట్టి ఉన్నాయి. రాఘవేందర్ ఫ్లాట్లు రెండూ ఐదో అంతస్తులో. అంటే ఇంకా ఆకాశంలోనే ఉన్నాయన్నమాట. చక్రపాణి అక్కడే బండి మీద కూర్చుని లెక్క మళ్ళీ వేశాడు. కోటిలో అరవై లక్షలు ఆ ఫ్లాట్లే. చేతికొచ్చింది నలభై లక్షలు. దానికి రెండు కోట్ల డెబ్బై లక్షల అప్పు దాదాపు ఏడింతలు. వడ్డీకే ముప్పై లక్షలు పోతాయి. ఇక అసలు ఎప్పటికి తీరేను?

మేనేజరు మనోరమకి చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఫ్లాటూ ఆస్తే కదండీ చక్రపాణి గారూ. ఆడిటరే ఆదాయమన్నాక మనకెందుకు? మార్చి ముప్పై ఒకటి లోపల నా టార్గెట్‌కి ఇంకా రెండు కోట్లు తక్కువుంది. మీరేమో రిటైరయ్యే ముందు మళ్ళీ ఏ అడవులో చూడాలనుకుంటున్నారా ఏంటి?" అని నవ్వింది.

చక్రపాణి కూడా నవ్వాడు. నవ్వుతూనే రిపోర్టు పైన గడిలో రెండు పాయింట్ ఏడు అని రాశాడు. చివరి పేజీలో చీమ తలకాయలంత అక్షరాల్లో, ఫ్లాట్లు తీసేస్తే అప్పు ఏడింతలు, తీరడం అనుమానమే అని పెట్టాడు.

సంతకాల రోజు బాలనర్సయ్య ఉతికిన తెల్ల ధోవతి కట్టుకుని వచ్చాడు. కొడుకు కౌంటరు దగ్గర జిరాక్సులు తీయిస్తున్నాడు. పెద్దాయన చక్రపాణి ఎదురుగా కూర్చుని, మేజా మీద రెండు చేతులూ పెట్టి మెల్లగా అడిగాడు.

"సారు, నాకు సదువు రాదు. మావోని లెక్కలన్ని నువ్వు సూసినవ్. గీ కమాయితోని గీ అప్పు తీర్తదా, తీరదా? తీర్తదంటే ఏలుముద్రేస్త. తీరదంటే ఇప్పుడే లేసి ఇంటికి వోత. పోరగాడు నారాజైతడు, గానీ నువ్వు జెప్పినట్టే ఇంట."

తీరదు అన్న మూడక్షరాలు చక్రపాణి నాలుక చివరి దాకా వచ్చాయి. అద్దాల గదిలోంచి మనోరమ ఇటే చూస్తోంది. ఆయనకి ఆదిలాబాదు గుర్తొచ్చింది, పింఛను గుర్తొచ్చింది.

"బ్యాంకు లెక్కకి సరిపోయిందండీ పెద్దాయనా" అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అది అంత నీచమైన మాట. బాలనర్సయ్య తృప్తిగా తలూపి ముప్పై చోట్ల వేలిముద్ర వేశాడు. ఈ పత్రంలోని షరతులన్నీ తెలుగులో చదివి వినిపించాను, వారికి అర్థమైంది అన్న అచ్చు వాక్యం కింద చక్రపాణి సంతకం పెట్టాడు. ఒక్క ముక్క చదవలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏనాడూ ఎవరికీ చదివింది లేదు. అందరూ మధ్యాహ్నం భోజనాల వేళకి పని ముగించాలనే చూస్తారు.

కౌకూర్ భవనం మూడో అంతస్తు దాటలేదు. బిల్డరు ఫోను ఎత్తడం మానేశాడు. కొత్త మిషను ఏడాది తిరిగింది, తర్వాత డీజిలుకి డబ్బుల్లేక ఆగింది. వాయిదాలు ఆగిపోయాక బ్యాంకు వాళ్ళు విచారణ పెట్టారు. అప్పటికే మనోరమకి ప్రమోషనొచ్చి వేరే ఊరెళ్ళిపోయింది. విచారణకొచ్చిన అధికారి చివరి పేజీ దగ్గర ఆగి, కళ్ళు చిట్లించి చదివి, "మీరు ముందే హెచ్చరించారన్నమాట" అన్నాడు మెచ్చుకోలుగా. చక్రపాణి మీద మచ్చ పడలేదు. ఆ సాయంత్రం అమ్మాజీ సేమ్యా పాయసం చేసింది. ఒక్క చెంచా తిని ఆయన గిన్నె పక్కన పెట్టేశాడు.

రిటైర్మెంటుకి ఇంకా ఆరు వారాలుందనగా, తూంకుంట ఇంటికి స్వాధీనం నోటీసు అంటించే పని ఆయనకే పడింది. ఇల్లు తెలిసినవాడు మీరే కదా అన్నారు. ఉదయం పది గంటలకి ఒక ప్యూనునీ, జిగురు డబ్బానీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. బాలనర్సయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేచి కుర్చీ వేశాడు. నీళ్ళిచ్చాడు. తిట్టినా బాగుండేదనిపించింది చక్రపాణికి.

"సారు, వకీలు కాడికెల్లి కాయితాలు దెచ్చి మావోడు సదివిండు. ఆకరి పేజీల నువ్వు రాసినవంట గదా, తీరుడు అనుమానమేనని. నిజమేనా?"

"రాశానండీ."

"నేను అడిగినంక రాసినవా, అడగకముందే రాసినవా?"

చక్రపాణి చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఉంది. "ముందే" అన్నాడు.

"మరి నేను నీ ముంగట కూసొని అడిగితి గదా సారు. బ్యాంకోల్లకు రాసినవ్. నాకెందుకు జెప్పలే?"

ఎదురింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ప్యూను జిగురు డబ్బా మూత తీసి, ఎక్కడ అంటించమంటారని గోడ వైపు చూశాడు. బాలనర్సయ్య చెయ్యెత్తి అతన్ని ఆపాడు.

"గోడకు పెడ్దువుగానీ ఆగు. ముందుగాల సదువు సారు. అంతా సదువు. తెలుగుల."

చక్రపాణి లేచి నిలబడి చదివాడు. వెంకటనర్సయ్య కుమారుడు బాలనర్సయ్యకి తెలియజేయునది ఏమనగా అని మొదలుపెట్టి, అప్పు మొత్తం, వడ్డీ, ఇంటి నంబరు, నాలుగు హద్దులు, ఖాళీ చేయవలసిన తేదీ దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. పూర్తయ్యాక, నోటీసు అందినట్టు వేలిముద్ర వేయడానికి పెద్దాయన చెయ్యి చాచాడు.

"ఇప్పుడు సమజయింది" అన్నాడు బాలనర్సయ్య. "సదువుతందుకు ఎంతసేపు పట్టలే గదా సారు."