వెనక గార్డు లేని బండి

పేడాడ గణపతిరావుగారిని నేను మొదటిసారి చూసింది 1990 వానాకాలంలో, బెంగాల్లోని మా రైల్వే ఊళ్లో, తాల్‌బగీచా పేటలో, ఆయన ఇంటి గోడ పక్కన నిలిపి ఉన్న తెల్లకారులో. నేను పాఠాలు చెప్పే తెలుగు బడి ముగించుకొని, గొడుగు మడుచుకొంటూ ఆ సందులోంచి వస్తున్నాను. మునిమాపు వేళ. బండి ఇంజను ఆడడం లేదు. లోపల స్టీరింగు ముందు కూర్చున్న పెద్దమనిషి గడ్డం మీదా పెదవుల మీదా ఎర్రటి కాంతి పడుతోంది. నన్ను చూసి ఆయన అద్దం దించారు.

"టీచరమ్మా, ఎనకాతల ఎవులైనా ఉన్నారేటి? ఓపాలి సూసి సెప్పండి."

వెనక సీటు చూశాను. సందు చివరిదాకా చూశాను. "ఎవరూ లేరండీ" అన్నాను. ఆయన నమ్మలేదు. తానే తలతిప్పి చాలాసేపు చూసుకొన్నారు. ఆ తరువాత "ఠీక్ హై" అని తాళం వెనక్కి తిప్పారు. ముఖం మీది ఎరుపు ఆరిపోయింది.

ఇంజను కదపకుండా తాళం ఒక్క మెట్టు తిప్పితే స్టీరింగు ముందున్న పలక మీద ఆయిలు దీపం ఎర్రగా వెలుగుతుంది. అది ప్రమాదసూచన కాదు. దీపం మాడిపోలేదని బండి ఇచ్చే సాక్ష్యం మాత్రమే. ఇంజను అందుకోగానే అది ఆరిపోవాలి; బండి నడుస్తుండగా వెలిగితే మాత్రం ఇంజనుకు ఆయిలు అందడం లేదని అర్థం. గణపతిరావుగారు ఇంజను అందించేవారు కాదు. ప్రతి సాయంత్రం ఆ దీపం వెలిగించుకొని దాని ముందు కూర్చొనేవారు. సుభాష్‌పల్లిలో కార్లు బాగుచేసే షెడ్డు ఉన్న బెంగాలీ మిస్త్రీ వచ్చి, అడుగంటిన బ్యాటరీని ఛార్జికి పట్టుకుపోతూ, "కదలని బండికి ఇంత తిండెందుకు దాదా?" అని నవ్వేవాడు.

ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్సులో కాపురముండి, గూడ్సు బళ్లు నడిపి రిటైరైన డ్రైవరు. రిటైరయ్యాక ఈ పాత కారు కొన్నారు. భార్య అప్పలనర్సమ్మగారు ముందు సీట్లో కూర్చొనేవారు కాదట. "ఇంజన్లో డ్రైవరుండాల, ఎనకాతల గార్డుండాల. నాను గార్డుని" అంటూ వెనక్కి చేరి, పచ్చటి చేతిరుమాలు ఊపి, "డ్రైవరు బాబూ, రైటు! నిద్దరోతన్నారేటి?" అని కేకేసేవారట. ఈ ముచ్చట చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వేవారు. నవ్వు సగంలో ఉండగానే వెనక్కి తిరిగి చూసేవారు.

1988లో ఇద్దరూ ఒక పెళ్లికి వెళ్లి వస్తుండగా, దేబ్రా ఊరు దాటిన తరువాత పెద్దరోడ్డు మీద ఆయిలు దీపం వెలిగింది. ఎరుపు కనబడగానే ఆయన కాలు బ్రేకు మీద పడింది. కారు రోడ్డు నడిమధ్య నిలిచిపోయింది. వెనక నిండు బరువుతో వస్తున్న లారీ నిలవలేకపోయింది.

పోలీసులు లారీ వేగమన్నారు. బంధువులు లారీవాడి పొగరన్నారు. ఒక్కగానొక్క కూతురు చంద్రకళ, వీధిలో లారీ కనబడితే పళ్లు కొరికి, ఆ మనిషిని శాపనార్థాలు పెట్టేది. కారు ఎక్కడ నిలిచి ఉందో ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇంటికి పరాయిదాన్ని కావడం వల్లనేమో, రెండేళ్ల పరిచయం తరువాత ఒకనాడు మా వరండాలో కూర్చొని నాకు చెప్పారు.

"పట్టాల మీద ఎర్ర కనపడితే ఆగడమే టీచరమ్మా. ఆలోసన నేదు. నానాగితే నా ఎనకాతల సిగ్నలు కూడా ఎర్రగుంటాది. ఇంకో బండి రాదు. గార్డు దిగి, ఎనక్కెల్లి కాపలా కాస్తాడు. రోడ్డు మీద నా ఎనకాతల ఎవులున్నారు?"

ఆయన తలతిప్పి వెనక్కి చూసుకొన్నారు.

"మా గార్డే ఉంది" అన్నారు.

ఉద్యోగజీవితమంతా ఆయనను కాపాడిన అలవాటే ఒక్క క్షణంలో ఆయన ఇల్లు కూల్చింది. ఆ ఎరుపు ఆయనను వదలలేదు. కుంపటిలో నిప్పు రాజుకొంటే ఆయన నడుస్తూ నడుస్తూ నిలబడిపోయేవారు. నిలబడిన మరుక్షణం ఉలిక్కిపడి గోడవైపు తప్పుకొనేవారు.

తండ్రి దగ్గరే ఉంటూ రైల్వే ఆఫీసులో పనిచేసే చంద్రకళకు 1993లో కారు నేర్చుకోవాలని పుట్టింది.

"మిస్త్రీ దాదా ఎనకాతలంతా బాగుసేసి ఇచ్చినా, ఊరికే తుప్పు పట్టిపోతంది నాన్నా. నేర్పు, నేదంటే అమ్మేసెయ్."

"ఆడపిల్లకి కారేటే సంద్రా?"

"గూడ్సు డ్రైవరు కూతుర్ని! రెండెడ్ల బండి నేర్సుకోమంటావేటి? నువ్వు నేర్పకపోతే మిస్త్రీ దాదా నేర్పుతానన్నాడు."

ఆ చివరిమాటకు ఆయన భయపడ్డారు. తానే నేర్పడం మొదలుపెట్టారు. క్లచ్చి, గేరు, బ్రేకు, అన్నీ ఓపికగా చెప్పారు. ఎర్రదీపం దగ్గరకు వచ్చేసరికి మాత్రం నోరు పెగిలేది కాదు. కారు కూతురి చేతికి ఇవ్వాలంటే ఆ ఒక్క పాఠం చెప్పి తీరాలి. చెబితే, ఎందుకని అడుగుతుంది.

"ఆగమంటే నాలాగే ఆగిపోతాది. ఆగొద్దంటే ఇంజను కాలిపోతాది. ఏటి సెప్పను టీచరమ్మా? మీరో మాట కట్టియ్యండి" అని నా దగ్గరకు వచ్చారు.

నాకు కార్ల సంగతి తెలియదు. వాక్యం సంగతి తెలుసు. ఆనాడు ఏం చేసి ఉండవలసిందో ఒక్కొక్కటే చెప్పమన్నాను. ఆయన కళ్లు మూసుకొని చెప్పారు. నేను వరస పెట్టాను: "ఎర్రదీపం వెలిగితే, వేగం తగ్గించి, వెనక చూసి, చెయ్యి చూపి, ఎడమకు తీసి, రోడ్డు దిగి, ఆగాలి."

"గణపతిరావుగారూ, తగ్గించి, చూసి, తీసి, దిగి, ఇవన్నీ అసమాపక క్రియలు. ఇవి ముగియకుండా మన భాషలో వాక్యం ముగియదు. 'ఆగాలి' అన్నది సమాపక క్రియ. దాని చోటు చివర."

ఆయన వేళ్లు మడుస్తూ మళ్లీ మళ్లీ చెప్పుకొన్నారు. "ఆగడం ఆకర్న. మన మాటలోనే ఉంది కదమ్మా. నా కాలికే తెలీనేదు."

మిగిలినవి ఆయనే చేర్చారు: ఆగగానే ఇంజను కట్టేయాలి, అందరూ ఎడమ తలుపులోంచి దిగి దూరంగా నిలబడాలి, బండికి వెనక బాగా దూరాన పచ్చికొమ్మ పెట్టాలి, ఆయిలు చూడకుండా మళ్లీ తాళం తిప్పకూడదు. బ్యాటరీ ఛార్జి దీపం మాత్రం అంత గండం కాదు. లైట్లవీ కట్టేసి, నెమ్మదిగా షెడ్డుదాకా పోవచ్చు. చంద్రకళ అంతా వల్లించి, "ఇదేటి నాన్నా, దీపానికి దండకమా?" అని నవ్వింది. ఎందుకని అడిగింది కూడా. ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయారు.

ఒక ఆదివారం ఆమె మమ్మల్ని పెద్దరోడ్డు మీదికి తీసుకువెళ్లింది. ఆయన ఆమె పక్కన, నేను వెనక. వెనక ఎడమ తలుపును ఆనుకొనే కూర్చోమని ఆయన నాకు ముందే చెప్పారు. ఊరు దాటాక, వెనక ఒక బస్సు హారను మోగిస్తుండగా, ఆయిలు దీపం వెలిగింది.

గణపతిరావుగారి రెండు పాదాలూ, అక్కడ బ్రేకు లేకపోయినా, నేలను తొక్కిపట్టాయి. పైనున్న అద్దంలో చంద్రకళ కళ్లు కనిపించాయి, వెనక్కి చూస్తూ. ఆమె చెయ్యి కిటికీలోంచి బయటికి వెళ్లింది. బండి మెల్లగా ఎడమకు ఒరిగి, గులకరాళ్ల మీద గరగరలాడి, ఆగింది. మేము నడిరోడ్డున నిలిచిపోయి ఉంటే ఎక్కడ ఉండేవాళ్లమో, సరిగ్గా ఆ చోటు మీదుగా బస్సు దూసుకుపోయింది. దాని గాలికి కారు ఊగింది.

"దిగండి, ఎడమపక్కకి. నాన్నా, దిగు. డ్రైవరు మాట వినాల."

ఆమె కొమ్మ విరిచి పెట్టింది. ఆయన ఆ కొమ్మను కూడా దాటి, వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి, వచ్చే బళ్లకు ఎదురుగా రోడ్డంచున చెయ్యెత్తి నిలబడ్డారు.

"కొమ్మెట్టినాను కదా నాన్నా! నువ్వో కొమ్మవా?" అని ఆమె కేకేసింది. ఆయన తిరిగి చూడలేదు. అంతకాలంలో ఆయన వెనక్కి చూడకుండా నిలబడడం నేను చూసింది అప్పుడే.

ఆమె గొంతు తగ్గించింది. "అమ్మని చంపినోడు ఆ లారీవోడు. వాడెక్కడో సుఖంగా ఉన్నాడు. ఈయనెందుకిలాగైపోయినాడు టీచరుగారూ?"

జవాబు నాకు తెలుసు. అది నేను చెప్పవలసినది కాదు. దారిన పోయేవారితో పంపిన కబురు అంది మిస్త్రీ వచ్చి, ఆయిలు పోసి, కారిన చోటు బిగించేదాకా ఆయన అలాగే నిలబడి ఉన్నారు.

ఆ తరువాత కారు చంద్రకళదైంది. సాయంత్రాలు గోడ పక్కన ఎర్రవెలుగు కనిపించడం మానేసింది. ఆ చలికాలం గణపతిరావుగారికి ఆయాసం పట్టుకొంది. నేను చూడటానికి వెళ్లినరోజు మంచం మీద గోడకు వీపు ఆనించి కూర్చొని ఉన్నారు. కూతురు ఆఫీసులో ఉంది.

"అది ఇంకా ఆ లారీవోణ్ణే తిడతంది టీచరమ్మా. బండి నడిరోడ్డు మీద ఆపింది నానేనని మీరే సెప్పండి. నా నోటికి రాదు. మంచిమాటలు కలపొద్దు."

"తొందరేముందండీ, ముందు మీకు తగ్గనివ్వండి" అన్నాను.

ఆయన నా వైపు తిన్నగా చూశారు.

"నాను పోయినాక సెప్పొద్దు. నానుండగానే సెప్పండి. తిట్టాల్సిన మనిసి దాని ఎదరుండాల కదమ్మా."