గ్లాసు మీద అరచెయ్యి

2011లో నేను నార్త్ కరోలినాలోని క్యారీలో, ఒక రీహాబ్ సెంటర్‌లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా ఉద్యోగం ఏమిటో మావాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. "పిల్లలకి మాటలు నేర్పిస్తావా?" అని అడుగుతారు. నేర్పిస్తాం. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు. స్ట్రోక్ వచ్చి మాట పోయినవాళ్లు, గుటక వేయడం రానివాళ్లు. మాట, గుటక రెండూ ఆ గొంతులోంచే నడవాలి కాబట్టి రెండూ మా పనే.

ఆ ఏడాది వసంతంలో ఒక ఫ్రెంచి ప్రొఫెసర్ని తీసుకొచ్చారు. ఆయన్ని ఇక్కడ ఎమిల్ గారు అంటాను. అసలు పేరు చెప్పడం మా వృత్తిలో తప్పు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దగ్గర్లోనే ఒక మందుల కంపెనీలో పనిచేసే కూతురు క్లెర్ ఆయన్ని చూసుకునేది. భార్య పోయాక ఆయన ఫ్రాన్స్ వదిలి కూతురి దగ్గరికి వచ్చేశారు.

ఆయనకి వచ్చినదాన్ని అఫేషియా అంటారు. లోపల ఆలోచన నడుస్తూనే ఉంటుంది, దానికి మాట దొరకదు. ఎమిల్ గారికి ఒకే ఒక్క మాట మిగిలింది. "వీ." ఫ్రెంచిలో అవును అని. నొప్పిగా ఉందా అంటే వీ, లేదా అన్నా వీ. "మీరు అమెరికా అధ్యక్షులా?" అని నేను పరీక్షకి అడిగితే దానికీ వీ అన్నారు. అన్న తర్వాత అది తను అనదలచుకున్న మాట కాదని తెలిసి మొహం అటు తిప్పుకున్నారు. ఆ మొహం చూడలేక నేను కాగితాలు సర్దుకున్నాను.

ఈయన జన్మంతా చేసిన పని కాదనడమే అని నాకు తర్వాత తెలిసింది. ఉత్తర ఫ్రాన్స్‌లో బొగ్గు గనుల ఊరు ఆయనది. తండ్రి గనిలో దిగేవాడు. కొడుకు బాగా చదివి పారిస్‌లో ప్రభుత్వ ఆఫీసులో ఆర్థికవేత్త అయ్యాడు. ఏ గని లాభం, ఏ గని నష్టం అని లెక్కలు వేయడం ఉద్యోగం. ఒకరోజు తన ఊరి గని ఫైలే బల్ల మీదికి వచ్చిందట. మూసేయమని తన లెక్కే చెప్పిందట. లెక్కలో తప్పు లేదు, అయినా అది అబద్ధం అని ఉద్యోగం వదిలేసి బయటికి వచ్చేశారు. అక్కడినుంచి యూనివర్సిటీలో తత్వశాస్త్రం పాఠాలు, ఉద్యమాలు, పుస్తకాలు. ప్రభుత్వం పతకం ఇస్తానంటే వద్దన్నారు. తనవైపు ఉన్న పార్టీ చెయ్యెత్తమన్న చోట కూడా ఎత్తక గెంటించుకున్నారు.

ఎవరికి వైద్యం చేస్తున్నానో తెలియాలని క్లెర్‌ని అడిగి ఆయన పుస్తకం ఇంగ్లీషు అనువాదం తెచ్చుకున్నాను. నేను ఎకనామిక్స్ చదివింది ఇంటర్లో, అదీ బట్టీ పట్టి. లంచ్ టైంలో కారులో కూర్చుని కొంచెం కొంచెం చదివాను. నాకు అర్థమైనంతలో ఆయన చెప్పేది ఇది. సొమ్ముకి ఆకలి ఉంది గానీ కడుపు లేదు, అందుకే దానికి నిండటం తెలియదు. మనిషికి కడుపు ఉంది, కాబట్టి చాలు అనడం తెలుసు. ఎంత పని చేస్తే చాలు, ఎన్ని వస్తువులుంటే చాలు అని మనుషులు కలిసి కూర్చుని తేల్చుకోవాలి, మిగిలిన కాలం ఎవరిది వాళ్లకి వదిలేయాలి. చాలు అనే హక్కు లేనివాడికి ఓటు ఉన్నా అతను స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు. నేను వారానికి ఆరు రోజులు పనిచేస్తూ చదువుతున్నాను కనుక కొన్ని పేజీల దగ్గర ఒళ్లు మండింది కూడా.

మా చికిత్సలో ఆటోమేటిక్ స్పీచ్ అని ఒకటుంది. అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పటి పాటలు, ప్రార్థనలు మెదడులో మామూలు మాటల దారిన రావు. ఒక్క మాటా రానివాళ్లు కూడా అవి గడగడా అప్పజెబుతారు. నోరు కదలడానికి వాటితో మొదలుపెడతాం. ఆయన చిన్నప్పుడు ఏం నేర్చుకున్నారని క్లెర్‌ని అడిగితే, నాయనమ్మ నేర్పిన ప్రార్థన ఒకటి ఉందంది. నేను నా వచ్చీరాని ఫ్రెంచిలో మొదటి రెండు ముక్కలు అందించాను. ఆయన మిగతాదంతా ఒక్క తడుముకోవడం లేకుండా చెప్పేశారు. క్లెర్ ఏడుస్తూ ఫోన్‌లో రికార్డ్ చేసింది.

"క్లెర్, ఇది అలవాటుగా వచ్చిన మాట. సోమవారం, మంగళవారం కూడా ఇలాగే చెబుతారు. దీని వెనక ఆయన మనసేమిటో మనకి తెలియదు," అన్నాను.

"కరుణా, మా నాన్న నా పెళ్లికి కూడా చర్చి లోపలికి రాలేదు. మెట్ల మీద నిలబడ్డాడు. ఇప్పుడు దేవుణ్ని పిలుస్తున్నాడు. ఆయనకి బతకాలని ఉంది," అంది.

అప్పుడు పాలకొల్లు నుంచి మా అమ్మ వచ్చి ఉంది. పేరూ ఊరూ చెప్పకుండా ఇంట్లో ఈ ముక్క అనడం నా కర్మ. మా తెలుగు చర్చిలో ఆదివారం పాటల తర్వాత ఎవరో ఒకరు లేచి దేవుడు చేసిన మేలు సాక్ష్యం చెబుతారు. అమ్మ పట్టుకుంది.

"ఈ ఆదివారం నువ్వు సాక్ష్యం చెప్పవే. నాస్తికుడు నోరు తెరిచి ప్రార్థన చేశాడంటే చిన్న విషయవా?"

"అమ్మా, ఆయన అంకెలు కూడా అలాగే చెబుతాడే. అదీ సాక్ష్యమేనా?"

"నీకన్నీ వేళాకోళవే. దేవుడి కార్యం కళ్లెదుట కనపడుతుంటే నోరు మూసుక్కూచుంటావు."

నేనూ దేవుణ్ని నమ్మినదాన్నే. అందుకే ఒక మనిషి చేత తను అనని మాట అనిపించి, దాన్ని దేవుడి ముందు పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఈలోగా స్వాలో టెస్ట్ చేశాం. మింగుతుండగా ఎక్స్‌రేలో చూసే పరీక్ష అది. నీళ్లు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి, అలా పోతే న్యుమోనియా వస్తుంది. రిపోర్టు రాసింది నేనే. అది చూసి డాక్టరు ఫీడింగ్ ట్యూబ్ అన్నారు, అంటే పొట్టకి చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టి ఆహారం పోయడం. ఎమిల్ గారు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అలాంటివి తనకి వద్దని కూతురితో అన్నారట. కాగితం మీద మాత్రం పెట్టలేదు. నా చావు గురించి ప్రభుత్వానికి సంతకం చేసేదేమిటని నవ్వేవారట. క్లెర్ ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "నాన్నా, ట్యూబ్ పెట్టించుకుంటావా?" అని అడిగింది.

"వీ," అన్నారు.

మర్నాడు నేను చిక్కటి యాపిల్ జ్యూస్ గ్లాసుతో ఆయన ముందు కూర్చున్నాను. పల్చటివి పొలమారతాయి కాబట్టి పొడి కలిపి చిక్కబరిచి చెంచాతో ఇస్తాం. రెండు చెంచాలయ్యాక ఎడమ చెయ్యి లేపి, అరచెయ్యి గ్లాసు మీద బోర్లించారు.

నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఆ చెయ్యి ఏమంటోందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన భోజనాల్లో విస్తరి మీద అడ్డం పెట్టే చెయ్యే అది. కాకపోతే మన దగ్గర దాన్ని ఎవరూ నమ్మరు. మా అమ్మకైతే చెయ్యి అడ్డం పెట్టడం అంటే ఇంకో గరిటె వెయ్యమని.

ఆ రోజునుంచి మాట అడగడం మానేశాను. ఆయన ముందు గ్లాసు పెట్టి, కాదంటే మూయండి, అవునంటే వదిలేయండి అన్నాను. "ఇది టెక్సాసా?" అంటే మూశారు. "మీ అమ్మాయి పేరు క్లెరా?" వదిలేశారు. "మీరు బ్యాంకరా?" చెయ్యి టప్పున పడింది, భుజాలు కదిలేలా నవ్వారు కూడా. నోరు మాత్రం అన్నింటికీ వీ అంటూనే ఉంది. ఇలా రోజుల తరబడి అడిగి, మార్చి మార్చి అడిగి, ఆ చెయ్యి అబద్ధమాడదని తేల్చుకున్నాక ట్యూబ్ బొమ్మ చూపించాను. ఇది లేకపోతే ఏమవుతుందో నెమ్మదిగా, దాచకుండా చెప్పాను. "పెట్టించుకుంటారా?"

అరచెయ్యి గ్లాసు మీద పెట్టి వేళ్లు తెల్లబడేలా నొక్కి ఉంచారు. కళ్లు నా మొహం మీదినుంచి తియ్యలేదు.

కేర్ కాన్ఫరెన్స్‌లో, అంటే డాక్టరు, నర్సు, మేము, ఇంటివాళ్లు కూర్చునే మీటింగ్‌లో, ఇదంతా చెప్పాను. డాక్టరు ఓపిగ్గా విన్నారు. తనే వచ్చి చూస్తానన్నారు. వచ్చింది సాయంత్రం, ఫిజియోథెరపీ అయ్యాక. ఎమిల్ గారు అలసిపోయి కళ్లు తెరవలేకపోతున్నారు. గ్లాసు ముందున్నా చెయ్యి లేవలేదు. "ట్యూబ్ కావాలా?" అని డాక్టరు గట్టిగా అడిగితే, "వీ," అన్నారు. రేపు పొద్దున ఇంకోసారి చూడమని బతిమాలాను. నిర్ణయం తీసుకునే స్థితిలో పేషెంటు లేరు, చట్టప్రకారం కూతురే చెప్పాలి అన్నారాయన.

క్లెర్ నా వైపు చూడకుండా అంది. "మా నాన్నని ఆకలితో చంపమంటావా కరుణా? ఆయన ప్రార్థన చేశాడు. నేను విన్నాను."

ట్యూబ్ పెట్టారు.

తర్వాత జరిగింది నేను ఊహించి ఉండాల్సింది, ఊహించలేదు. ట్యూబ్ పెట్టాక నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని మంచం పైన బోర్డు పెడతారు. బోర్డు వచ్చిందంటే గదిలోంచి గ్లాసు పోతుంది. ఎవరైనా తెలియక నీళ్లు పోసి ఇస్తారని భయం. నర్సుల తప్పేం లేదు, అది మంచి రూలే. నేను ఖాళీ గ్లాసు ఒకటి తెచ్చి పెట్టాను. మర్నాటికి అది చెత్తబుట్టలో ఉంది. మళ్లీ తెచ్చాను, చీటీ అంటించాను, మళ్లీ పోయింది. అప్పటికి ఆయన బల్ల మీద, గ్లాసు ఉండాల్సిన చోట, ఉత్త అరచెయ్యి బోర్లించడం మొదలుపెట్టారు. చార్టులో దాన్ని చేతి వణుకు అని రాశారు. తర్వాత ఆ చేత్తోనే ట్యూబ్ పీకబోయారని దానికి మిట్ తొడిగారు. మిట్ అంటే వేళ్లు కదలకుండా కట్టే దళసరి దూది తొడుగు.

జీవితమంతా కాదన్న మనిషికి నోట్లో అవును, చేతికి తొడుగు.  

నేను వీలైనప్పుడల్లా వెళ్లి మిట్ విప్పి, ఆ చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. కొన్నాళ్లకి ఇన్సూరెన్స్‌వాళ్లు నా విజిట్లు ఆపేశారు. ప్రోగ్రెస్ లేదట. అది నిజమే. చివరిరోజు వెళ్లి, ఆయన భాషలోనే అయ్యా అని పిలిచి, "మొస్యూ, నేనింక రానండీ," అన్నాను. "వీ," అన్నారు. ఈసారి అది సరైన జవాబే అయింది.

మరుసటి ఏడాది చలికాలంలో న్యుమోనియాతో పోయారు. ట్యూబ్ తప్పిస్తుందని మేమందరం అనుకున్న జబ్బే. నెల గడిచాక క్లెర్ మా పార్కింగ్ లాట్‌లో నా కారు పక్కన నిలబడి ఉంది. చిక్కి సగమైపోయింది.

"ఆ చెయ్యి... నువ్వు చెప్పినట్టే పెట్టాడా? గ్లాసు మీద, బోర్లించి?"

"పెట్టారు క్లెర్."

"మా ఇంట్లో రోజూ రాత్రి భోజనానికి ఒక్క గ్లాసు వైన్ తాగేవాడు. మా అమ్మ ఇంకొంచెం పోయబోతే అలాగే మూసేవాడు. నా చిన్నప్పటినుంచీ, రోజూ." "మీటింగ్‌లో నువ్వు చెబుతుంటేనే నాకు తెలిసిపోయింది. తెలిసీ చాలు అనలేకపోయాను."

నేను ఆమెని దగ్గరికి తీసుకున్నాను. తప్పు లేదని చెప్పలేకపోయాను, తప్పని చెప్పడానికీ నోరు రాలేదు. సొమ్ముకి కడుపు లేదని ఆయన రాశారు. ప్రేమకి ఉందో లేదో ఎక్కడైనా రాశారేమోనని ఆ పుస్తకం మళ్లీ వెతికాను. నాకు కనపడలేదు.

ఈ కేసు ఏం నేర్పిందని కొత్తగా వచ్చే థెరపిస్టులు అడుగుతుంటారు. నోరు చెప్పేది వింటూనే చేతుల్ని చూడమంటాను. గ్లాసు తీసేసే ముందు అది ఆ మనిషికి ఏమవుతుందో అడగమంటాను. వాళ్లు తలూపి రాసుకుంటారు. నేను నేర్చుకున్నది ఆయనకి ఎందుకూ పనికిరాలేదన్న సంగతి మాత్రం చెప్పను.

రెండేళ్ల తర్వాత అమ్మ మళ్లీ వచ్చినప్పుడు చర్చివాళ్లని మా ఇంటికి భోజనానికి పిలిచాం. అమ్మ పప్పుచారు గిన్నెతో తిరుగుతోంది. ఒక పెద్దాయన కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. నేను అమ్మ మణికట్టు పట్టుకున్నాను.

"అమ్మా, చాలన్నారు."

"మొహమాటానికంటారే, వదులు," అని చెయ్యి విడిపించుకుని, అమ్మ ఆయన వేళ్ల మీదినుంచే పోసేసింది. ఆయన నవ్వాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేను టిష్యూ తెచ్చి ఆయన చెయ్యి తుడిచాను.