ఆముదం పట్టించిన స్కీ బూట్లు

మొన్న శనివారం మా ఈషా సాకర్ బూటుకి ఊడిన సోల్ అతికిద్దామని గరాజ్‌లో కూర్చుని జిగురు డబ్బా మూత తీశాను. ఘాటుగా, కాస్త తియ్యగా, ముక్కులోంచి తిన్నగా తలలోకి ఎక్కే వాసన. "అమ్మా, జస్ట్ కొత్తది ఆర్డర్ చెయ్, టుమారో వస్తుంది" అంది మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తకుండా. దానికి పదకొండేళ్ళు. మేముండే ఈ దక్షిణాది ఊరు క్యారీలో అరంగుళం మంచు పడితే స్కూళ్ళు మూసేస్తారు, జనం పాల కోసం, బ్రెడ్ కోసం షాపుల మీద పడతారు. దానికి తెలిసిన చలికాలం అంతే. నేను మాత్రం ఆ మూత చేతిలో పట్టుకుని, నాకు పదకొండేళ్ళప్పుడు మేమున్న మిన్నెసోటా ఊరికి, అక్కడ హెలెన్ ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌కి వెళ్ళిపోయాను.

ఆ ఊళ్ళో మేమొక్కళ్ళమే తెలుగువాళ్ళం. నాన్న అక్కడి కంపెనీలో కాంట్రాక్ట్ మీద పనిచేసేవాడు. అమ్మది డిపెండెంట్ వీసా, అంటే ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం ఇంకా రాదు, ఇంగ్లీషు పుస్తకంలో చదివితే అర్థమయ్యేది గాని నోట్లోంచి వచ్చేది కాదు. నల్లగొండలో ఉన్నప్పుడు వాడకట్టంతటికీ జాకెట్లు కుట్టి, రోజంతా పది మందితో ముచ్చట్లు పెట్టిన మనిషి, దీపావళి వెళ్ళీవెళ్ళగానే మొదలై ఉగాది దాటినా కరగని ఆ మంచులో, నాన్న ఆఫీస్‌కీ నేను స్కూలుకీ వెళ్ళాక, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, వీధిలో మంచు తోసే బండి ఎన్నిసార్లు పోయిందో చూస్తూ కూర్చునేది. అయినా ఇంట్లో పొయ్యి మీద మాత్రం నల్లగొండే ఉండేది. సాయంత్రం తలుపు తీయగానే వేడి సర్వపిండి వాసన, నువ్వులూ పల్లీలూ మాడీమాడని వాసన ఎదురొచ్చేది. శనాదివారాల్లో నాన్న చాప మీద సుద్దతో గళ్ళు గీసేవాడు, గవ్వలకు బదులు పిస్తా డొప్పలు వేసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. నాన్న తొండి చేసేవాడు, అమ్మ పట్టుకునేది, నేను ఎవరు గెలుస్తుంటే వాళ్ళ పక్షం.

పక్కింట్లో హెలెన్ ఆంటీ ఒక్కతే ఉండేది. స్కూల్లో ఆటలు నేర్పి రిటైరైన టీచరు, పొడుగు మనిషి, డెబ్బై దాటినా నడుం వంగలేదు గాని కీళ్ళవాతంతో చేతివేళ్ళు మాత్రం వంకర్లు పోయాయి. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదని అమ్మ నాకు నేర్పిన ఆంటీ అనే మాట ఆవిడకు తెగ నచ్చింది. అమ్మకీ ఆవిడకీ మధ్య మాత్రం అప్పటికి ఉన్నదల్లా చేతులూపుకోవడమే. ఇద్దరూ వాకిట్లో మంచు తీసుకుంటూ నవ్వుకునేవాళ్ళు, ఆ నవ్వు పడిన రోజు అమ్మ రాత్రి వంటలో ఒక కూర ఎక్కువ చేసేది.

ఆ ఏడు మా స్కూల్లో గడ్డకట్టిన చెరువు మీద స్కీయింగ్ నేర్పిస్తారని తెలిసి హెలెన్ ఆంటీ ఒక జత తోలు బూట్లు పట్టుకొచ్చింది. ఆవిడకు పన్నెండేళ్ళున్నప్పుడు వాళ్ళ నాన్న, ఊళ్ళో బూట్లు కుట్టే మనిషి, స్వయంగా కుట్టి ఇచ్చినవట. ముదురు గోధుమరంగు, దట్టమైన తోలు, ఎర్ర లేసులు, ముందు సోల్ బాతు ముక్కులా బయటికి పొడుచుకొచ్చి, దాని కింద మూడు బెజ్జాలు. స్కీ కట్టెకున్న మూడు మేకులు ఆ బెజ్జాల్లో దిగి బూటును పట్టుకుంటాయి. ఇవి నీకు ఇచ్చేయడం లేదు, ఈ చలికాలానికి అరువు, జాగ్రత్త అని ఆవిడ నాతో రెండుసార్లు చెప్పింది. అది అమ్మకి కూడా అర్థమైంది. ఆ ఊళ్ళో ఒకరు మమ్మల్ని నమ్మి ఇంట్లోని వస్తువు చేతికివ్వడం అదే మొదలు.

అందుకే అమ్మ ఆ బూట్లను ఊరికే ఉంచలేకపోయింది. మా తాత పొలానికి వేసుకునే కిర్రు చెప్పులకు ఏటా వానలు పడేముందు ఆముదం పట్టించి ఎండలో పెట్టేవాళ్ళట. ఇక్కడ ఎండ లేదు గాని, మందుల షాపులో కడుపు శుభ్రం కావడానికి అమ్మే ఆముదం దొరికింది. పాత పంచె గుడ్డతో రెండు రోజులు పట్టించింది. "తోలుకు ఆముదం పెట్టకుంటే చెప్పు కాలును కరుస్తది బిడ్డా. సూడు ఎట్ల మెరుస్తున్నయో" అంది. నిజంగానే మెరిశాయి. వాటి వాసనకు స్కూల్లో మా లాకర్ల వరస అంతా కంపు కొట్టింది. ముందు ఒకమ్మాయి ముక్కు మూసుకుంది, తర్వాత అందరూ మూసుకున్నారు.

అది శుక్రవారం. ఇంటికి రాగానే నా గదిలో నేల మీద వేడిగాలి వచ్చే ఇనుప జాలీ ఉంటే, దాని మీద బూట్లు రెండూ నిలబెట్టి, పైన దుప్పటి కప్పి, తలుపు వేశాను. వాసన పోవాలని నా ఆశ. ఆదివారం సాయంత్రం దాకా అలాగే ఉంచాను. వాసన కొంచెం తగ్గింది. సోమవారం చెరువు మీద, అందరూ ముందు పోతుంటే, నా కుడికాలు ఒక్కసారి తేలికైంది. చూస్తే స్కీ కట్టె సోల్‌ను పట్టుకుని తన దారిన తాను జారిపోతోంది. నేను మిగతా బూటుతో మంచులో నిలబడి ఉన్నాను. కాసేపట్లో ఎడమదీ నోరు తెరిచింది.

ఇంటికొచ్చి బూట్లు, ఊడిన సోళ్ళు అమ్మ ముందు పెట్టాను. అమ్మ వాటిని చూసి నేల మీద కూలబడింది. "నా ఆముదమే తిన్నది వీటిని. జిగురంత నానిపోయింది" అంది. నేను కాదనలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని నిలబడ్డాను. కొత్తవి కొనిచ్చేద్దాం లెమ్మని నాన్న అంటే అమ్మ కళ్ళు తుడుచుకుంది. "కొత్తయి కొంటే అవి ఆమె నాయిన కుట్టినయి అయితయా? ఇంక ఆమె మన మొకం సూస్తదా?" ఆ వేడి జాలీ సంగతి నాకు తెలుసు గాని చెప్పే ధైర్యం లేదు.

మర్నాడు అమ్మ బూట్లను ఉతికిన తువాలులో చుట్టి, ఒక డబ్బాలో సర్వపిండి పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మోకాలి లోతు మంచులో పక్కింటికి నడిచింది. దారంతా ఇంగ్లీషు వాక్యాలు గొణుక్కుంటూనే ఉంది. తలుపు తీశాక అన్నీ మరిచిపోయి, "ఐ పుట్ ఆయిల్. ఐ స్పాయిల్. ఐ సారీ" అని మూడు ముక్కలు చెప్పి తల దించుకుంది. హెలెన్ ఆంటీ బూటు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అమ్మ చెయ్యి పట్టుకుని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళింది. నాకు భయమేసి మెట్ల మీదే ఆగిపోయాను. చాలాసేపటికి కింది నుంచి అమ్మ నవ్వు వినబడింది. అప్పటికి కొన్ని నెలలైంది ఆ నవ్వు విని.

కింద వాళ్ళ నాన్న పనిబల్ల అలాగే ఉంది. కొయ్యపాదాలు, తోలుకు బెజ్జాలు పొడిచే ఆరెలు, మైనం ముద్దలు, రంపం పళ్ళలాంటి ఆకురాళ్ళు. చెప్పడానికి హెలెన్ ఆంటీకి అంతా తెలుసు, చేయడానికి వేళ్ళు వంగవు. అమ్మకి వేళ్ళు వంగుతాయి, నేర్చుకోవాల్సిందే మిగిలింది. అలా ఆ చలికాలమంతా రోజూ మధ్యాహ్నం అమ్మ పక్కింట్లోనే. ముందు పాత జిగురంతా గీకేసింది. తోలునీ అడుగుపొరనీ కలిపే దారం కూడా పుచ్చిపోయిందని తెలిస్తే, దాన్నంతా విప్పి, మైనం పట్టించిన దారంతో, ఒక్కో బెజ్జంలో అటొక సూది ఇటొక సూది దూర్చి లాగుతూ మళ్ళీ కుట్టింది. వేళ్ళు తెగితే పసుపు అద్దుకునేది, హెలెన్ ఆంటీ దాని మీద ప్లాస్టర్ వేసేది. పోస్టులో కొత్త రబ్బరు సోళ్ళు వచ్చాక జిగురు పని. రెండు వైపులా పూసి, వేలితో తాకితే అంటనంతదాకా ఆరనివ్వాలి, తర్వాత ఒక్కసారే ఆనించాలి, ఆనిందంటే మరి జరపడానికి లేదు. అలా ఆనించేముందు అమ్మ బూటును కళ్ళకద్దుకుంది. ఎందుకలా అని ఆవిడ అడిగితే, "యువర్ ఫాదర్ వర్క్" అంది అమ్మ. హెలెన్ ఆంటీ పక్కకు తిరిగి ముక్కు చీదుకుంది.

నేను స్కూలు నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళేదాన్ని. నాకు బిస్కెట్లు, వేడి పాలు పెట్టేవాళ్ళు. జాలీ సంగతి రేపు చెప్పేద్దాం అనుకునేదాన్ని, ఆ రేపు వచ్చేది కాదు.

ఒక శనివారం రెండు గంటలు డ్రైవ్ చేసి సిటీలో తెలిసినవాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. అమ్మ వేళ్ళ మీది పట్టీలు చూసి సంగతి తెలుసుకున్న ఒకావిడ, "అమెరికాకొచ్చి చెప్పులు కుట్టే పని చేస్తున్నావా, ఎవరికీ చెప్పకు" అని నవ్వింది. అమ్మ గరిటె కింద పెట్టింది. "మా నాయినకు ఎల్లయ్య అని ఒకాయన చెప్పులు కుట్టి ఇస్తుండె అక్కా. మేము ఆయన్ని గడప తొక్కనియ్యలే, చెప్పులు దూరంకెల్లి అందుకున్నం. ఒక్క బూటు కుట్టేసరికి నా చేతులు ఇట్లయినయి. ఎల్లయ్య చేతుల దిక్కు నేను ఒక్కనాడన్న సూడలే." ఆ తర్వాత పెరుగు గిన్నె చేతులు మారింది. కారులో వచ్చేటప్పుడు నాన్న ఎప్పుడూ లేంది అమ్మ చెయ్యి పట్టుకుని డ్రైవ్ చేశాడు.

మార్చిలో, చెరువు ఇంకా గట్టిగా ఉండగానే, బూట్లు పూర్తయ్యాయి. హెలెన్ ఆంటీ వాటిని తనే నా కాళ్ళకు తొడిగి, లేసులు కట్టడానికి మాత్రం అమ్మను పిలిచింది. నేను చెరువు చుట్టూ ఒక చుట్టు పూర్తిగా తిరిగొచ్చాను. ఏదీ ఊడలేదు. ఒడ్డున ఇద్దరూ ఒకే శాలువా కప్పుకుని, అమ్మకి రాని ఇంగ్లీషులో ఏవో మాట్లాడుకుంటున్నారు. మేం ఆ ఊళ్ళో ఇంకా నాలుగేళ్ళున్నాం, ఆ నాలుగేళ్ళూ అమ్మ కిటికీ పక్కన కుర్చీ వేసుకోలేదు.

ఇప్పుడు హెలెన్ ఆంటీ లేదు. ఆ ఇల్లు కొన్నవాళ్ళు బేస్‌మెంట్‌లో సినిమా తెర పెట్టుకున్నారని విన్నాను, పనిబల్ల ఏమైందో తెలియదు. ఆ మూడు మేకుల కట్టెలు దుకాణాల్లో కనబడవు, స్కూలు పిల్లలంతా ప్లాస్టిక్ బూట్లు అద్దెకు తెచ్చుకుంటారట. ఆ చెరువు కూడా మునుపటిలా నవంబరుకే గట్టిపడదని మా పాత క్లాస్‌మేట్ చెప్పింది. తోలుబూటుకి సోల్ మార్చేవాళ్ళు ఎక్కడున్నారంటే, నాకు తెలిసి మా ఇంట్లో ఒక్కరున్నారు. అమ్మ మా దగ్గరే ఉంటుంది.

శనివారం నేను గరాజ్‌లోంచి లోపలికొచ్చేసరికి అమ్మ వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు నోరు పెగిలిందో తెలియదు. "అమ్మా, హెలెన్ ఆంటీ బూట్లు నీ ఆముదంతోని ఊడలే. నేనే హీటర్ జాలీ మీద పెట్టిన, రెండు రోజులు" అన్నాను.

"తెల్సు" అంది అమ్మ, ఈనె లాగుతూ.

"ఎట్ల తెల్సు?"

"సోల్ కింద జాలీ గీతలు పడ్డయి గద. నేనైతే సూడలే. హెలెన్ సూపిచ్చింది, ఆ మొదటి రోజే. ఆమె ఇంట్ల గూడ గదే జాలీ."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇరవై అయిదేళ్ళుగా మోస్తున్నాను. "మరి ఇద్దరిల ఒక్కరన్న నన్ను అడగలేదేం?"

"అడిగితే నువ్వు ఏడుస్తవు, సారీ అంటవు, ఆమె పర్వాలేదంటది. గంతే, ముచ్చట అయిపోతుండె." అమ్మ ఒక కాయ విరిచి గిన్నెలో వేసింది. "మర్నాడు నేను ఏం పని జెప్పుకొని ఆ ఇంటికి పోదును బిడ్డా?"