నిమ్మవేళ్లకు పట్టిన మట్టి

మా మెట్ట పొలంలో నిమ్మతోట అమ్మ చెమటతో లేచింది. తొంభైల మొదట్లో బిందెలతో నీళ్లు మోసి మరీ బతికించింది. తీరా కాపు పట్టాక ఆకు పాలిపోయి, కొమ్మలు చివర్ల నుంచి ఎండడం మొదలైంది. నాన్న ఎరువు మీద ఎరువు వేశారు. నాయనమ్మ మాత్రం కారణం చిటికెలో తేల్చేసింది.

"బయటున్న రోజుల్లో కూడా తోటలోకి పోతే ఎండక ఏమవుద్ది? నిమ్మచెట్టుకి ముట్టు తగలకూడదని మీ అమ్మ చెప్పలేదేంటే నీకు?"

అంతే, అమ్మ ఇక తోటలో అడుగు పెట్టకూడదట! ఆ మూడు రోజులే కాదు, అసలుకే వద్దట! "ఎందుకొచ్చిన గొడవ, కొన్నాళ్లు వెళ్లకు" అన్నారు నాన్న. అమ్మ గట్టు మీద నిలబడి తన చెట్లు ఎండిపోవడం చూసేది. నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి ఉద్యానశాఖ ఆఫీసరు వచ్చి, చెట్టు మొదట్లో తవ్వి, పీచువేళ్లు బకెట్లో జాడించారు. ఎంత కడిగినా మట్టి వదల్లేదు.

"నులిపురుగులండి. కంటికి ఆనవు. వేళ్లలో తల దూర్చి రసం పీల్చేస్తాయి. వాటి గుడ్ల జిగురుకే ఈ మట్టి అంటుకుంది. నాటేటప్పుడు వేరే తోట మట్టి ఏమైనా వేశారాండీ?"

వేయకేం! బాగా కాసే చెట్టు కింద మట్టి పోస్తే కొత్త మొక్కా అలాగే కాస్తుందని మా ఇంటి ఆనవాయితీ. తన పుట్టింటి ముసలితోట నుంచి బండెడు మట్టి తెప్పించి, గుంట గుంటకూ తన చేత్తో పోసింది నాయనమ్మే!

పోనీ, పొరపాటైందని ఒక్కరైనా అన్నారా? "సర్లే, అయిందేదో అయింది" అని నాయనమ్మ వత్తులు చేసుకోవడానికి కూర్చుంది. తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది నాకు.

ఆ పురుగును తట్టుకునే వేరు మీద అంటుకట్టిన మొక్కలు వేయమన్నారు ఆఫీసరు. నాన్న మా పొలంలోనే పక్క చెక్కలో గుంటలు తీయించి, అలాంటి మొక్కలు వెతికి తెప్పించారు. నాటే రోజున, ఏమీ జరగనట్టు, "రావే, మొదటి మొక్క నువ్వే పెట్టు" అని అమ్మను పిలిచారు.

అమ్మ గట్టు దిగింది. నాయనమ్మకు వినపడేలా గట్టిగా అంది:

"నేనివాళ బయటున్నానండి."

అమ్మ కొంగు బిగించి మొదటి మొక్క నాటింది. మిగిలినవన్నీ కూడా తనే నాటింది. పోయేదాకా నాయనమ్మ ఆ చెట్ల కాయలే పులిహోరలోకి పిండుకుంది.